రసోత్తరం, బీజోత్తరం

కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో 25వ అధ్యాయం సురాధ్యక్షుని గురించినది. మద్యశాలలు ఎక్కడ ఉండాలి, వాటిలో గదులు, ఆసనాలు, పూలదండలు, సుగంధాలు, మంచినీళ్ళు ఎట్లా అమర్చాలి, ఎవరికెంత అమ్మాలి అన్నదంతా అందులో ఉంటుంది. రాజనీతి కోసం ఆ గ్రంథం తెరిచేవారు సాధారణంగా ఈ అధ్యాయాన్ని చప్పున దాటిపోతారు. మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అని మద్యాలను విభజించి, వాటి పాళ్ళు కొలతలతో సహా చెప్పిన తరువాత, అక్కడ ఒక చిన్న మాటగా సహకారసుర ప్రస్తావన వస్తుంది. సహకారమంటే మామిడి. ఏ మామిడి పడితే ఆ మామిడి కాదు. మిక్కిలి పరిమళం గలదానికే ఆ పేరు అని అమరకోశం. ఆ సహకారసురలో రసోత్తరమని ఒక రకం, బీజోత్తరమని ఒక రకం, మహాసుర అని ఒకటి, సంభారాలు చేర్చినది మరొకటి.

రసోత్తరమంటే పండ్లరసం హెచ్చుగా కలది. బీజోత్తరమన్నప్పుడు బీజాన్ని మామిడిటెంక అని తీసుకోవడం కంటే, పులియజేసే ముద్ద అని అన్వయించుకోవడమే నాకు ఉచితంగా తోస్తుంది. ఆ ముద్దకు అర్థశాస్త్రంలో కిణ్వమని పేరు. దానిలోకి చెప్పిన ద్రవ్యాలలో ముఖ్యమైనవి మినుములు, బియ్యం. మన ఇడ్లీపిండి దినుసులే! ఈ అన్వయం సరియైనదైతే, మామిడిపండుతో మద్యం చేసే ఇద్దరి చేతిలో రుచి ఎందుకు వేరవుతుందో ఆ రెండు మాటల్లోనే ఉన్నది. ఒకడు పండును నమ్ముకుంటాడు, ఇంకొకడు కిణ్వాన్ని నమ్ముకుంటాడు.

ఈ గ్రంథపు తాళపత్ర ప్రతిని మైసూరు ప్రాచ్య గ్రంథాలయంలో శామశాస్త్రిగారు 1905లో గుర్తించి, 1909లో ముద్రింపజేశారు. మైసూరుకు పట్టున నాలుగు గంటల ప్రయాణం లేని బెంగుళూరులో ఇవాళ వేసవి వస్తే చాలు, సొంతంగా బీరు తయారుచేసుకునే పానశాలల్లో సగానికి సగం మామిడి బీరు అని ఒకటి పెడతాయి. వారిలో ఎవరూ సురాధ్యక్షుణ్ణి చదివి ఉండరు. అయినా రసోత్తరులు రసోత్తరులుగాను, బీజోత్తరులు బీజోత్తరులుగాను విడిపోయే ఉన్నారు. 2025 మే నెలలో నాలుగైదు చోట్ల రుచి చూసి నేను తెలుసుకున్నది అదే.

తెలుగు పండితుడిగా ముప్పైమూడేళ్ళు పనిచేసినవాడికి ఈ రుచులతో ఏమి పని అని చదువరులకు తోచవచ్చు. మా అబ్బాయి మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసి, బెంగుళూరులో ఒక పానశాలలో బీరు తయారుచేసే ఉద్యోగంలో ఉన్నాడు. వాడి తాత, అంటే మా నాన్న, తాళ్ళెక్కి కల్లు గీసినవాడు. నడుమ నేను నన్నయ తిక్కనలను పాఠం చెప్పుకున్నాను. ఊళ్ళో ఎవరైనా 'మీవాడేం చేస్తున్నాడమ్మా?' అని అడిగితే మా ఇంటావిడ 'ఫుడ్ ప్రాసెసింగు' అంటుంది. అబద్ధం కాదు. నిజమూ కాదు.

ఆవిడ పట్టుదలకు కారణముంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా కేంద్రాలలో చదువుకున్న ఆడవాళ్ళు సారా కొట్టు మూయించిన సంగతి అందరికీ తెలిసినదే. ఆ గాలి ప్రకాశం జిల్లాకు రావడానికి ఎంతో కాలం పట్టలేదు. మా ఊళ్ళో రాత్రిబడి నడిపినది మా ఆవిడ. సారా వేలంపాట జరగనివ్వమని పిల్లలను చంకన వేసుకొని రోడ్డు మీద కూర్చున్న వారిలో ఆవిడా ఉన్నది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చింది, 1997లో అది పోయింది కూడా. కాని ఆవిడ అన్నగారు సారా ప్యాకెట్లకు మరిగి నలభై నిండకుండానే పోయాడు. ఆ నష్టం ఏ నిషేధంతోనూ పూడేది కాదు. ఇంట్లో బీరు అన్న మాటే వినిపించకూడదని ఆవిడ నియమం. నేను దానిని ఉల్లంఘించలేదు. బెంగుళూరులో ఉన్నన్నాళ్ళు ఆ మాట వీధిలోనే వాడాను.

ఇక అసలు విషయం. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెడతారు. దానిని మాల్టు అంటున్నారు. దానిని రవ్వగా విసిరి వేడినీటిలో ఊరబెడితే గింజలోని పిండి చక్కెరగా మారి తీపిరసం దిగుతుంది. ఆ రసంలో హాప్స్ అనే తీగ పూలను వేసి మరిగిస్తారు. చేదు వాటిది. చల్లారిన తరువాత ఈస్టు, అనగా కిణ్వం, వేస్తారు. అది చక్కెరను తిని మద్యాన్నీ, నురగలు పెట్టే వాయువునూ విడుస్తుంది. ధాన్యం నుంచి పుట్టినది గనుక మనువు చెప్పిన గౌడి, పైష్టి, మాధ్వి అనే మూడింటిలో ఇది పైష్టి. బెల్లంతో చేసినది గౌడి. విప్పపూలతోనో తేనెతోనో చేసినది మాధ్వి.

ఈ పైష్టిలోకి పండు ఎప్పుడు ప్రవేశించాలి? తేడా అంతా ఇక్కడే పుడుతుందన్నాడు మావాడు. మరిగేటప్పుడు వేస్తే పరిమళం ఆవిరై పోతుంది. పైగా పండులోని పెక్టిను విడివడి, బీరు మబ్బుగా ఉండిపోతుంది. పులిసేటప్పుడు వేస్తే కిణ్వం ముందుగా పండులోని చక్కెర మీద పడుతుంది. అంతా పులిసిన తరువాత పాకమో, సెంటో కలిపితే వాసనా తీపీ రెండూ నిలుస్తాయి. కాని ఆ తీపి మీద కిణ్వానికి మళ్ళీ ఆశ పుట్టకుండా దానిని వడగట్టాలి, లేదా చలిలో నిద్రపుచ్చాలి.

వాడు చెబుతుండగా నాకు ఒక ప్రశ్న పుట్టింది. చక్కెరంతా పోయిన మామిడిపండు ఎట్లా ఉంటుంది? మన నాలుక మీద మామిడికీ తీపికీ విడదీయరాని సమాసం ఏర్పడిపోయింది. బంగినపల్లి అన్నా, నూజివీడు రసాలన్నా తీపే. ఆ తీపిని కిణ్వం తినివేస్తే మిగిలేది పులుపు, పీచు, వాసన. వాసనలోనూ పండు వాసన కొంత, తొక్క వాసన కొంత, ముచ్చిక దగ్గర కారే జీడి ఘాటు కొంత. అమరకోశం సహకారానికి తీపిని కాక పరిమళాన్ని లక్షణంగా చెప్పింది. అది మద్యం గురించి చెప్పినది కాదు గాని, మద్యానికి పనికివచ్చేది ఆ లక్షణమే.

ఇందిరానగరులో మేము మొదట కూర్చున్న చోట చిన్న గ్లాసు తెచ్చి ముందు పెట్టారు. బంగారు రంగు, అద్దంలా తేట. ముక్కు దగ్గర పెట్టగానే మామిడి వాసన గుప్పుమన్నది. ఆ వాసన చెట్టు నుంచి వచ్చినది కాదు, కాగితపు డబ్బాలలో పిల్లలు తాగే మామిడిపానీయం నుంచి వచ్చినది. నాలుకకు మొదట తీపి తగిలి, అది జారిపోయాక హాప్స్ చేదు వెనుకనుంచి వచ్చింది. తీపీ చేదూ ఒకదానితో ఒకటి పలకరించుకోలేదు. అలంకారశాస్త్రం ప్రకారం దీనిని రసాభాస అనవలసి ఉంటుంది. పక్క బల్ల దగ్గర ఇరవై దాటని పిల్లలు అదే గ్లాసులు మూడేసి తెప్పించుకుంటున్నారు. తాగుతున్నది మద్యమన్న స్ఫురణ వారి ముఖాలలో ఎక్కడా కనబడలేదు. నాకు మా ఆవిడ జ్ఞాపకానికి వచ్చింది.

వైట్‌ఫీల్డులో చూసినది దీనికి పూర్తిగా వ్యతిరేకం. తొలకరి కాలువ నీటిలా మసకగా ఉన్నది. గోధుమ కలిసిన బీరులో, పులిసే దశలోనే మామిడిగుజ్జు వేశారట. తీపి లవలేశం లేదు. మొదట ఏమీ తోచలేదు. రెండవ చుక్కకు ముగ్గపెట్టిన మామిడిపండ్ల గదిలో తలుపు తీసినప్పుడు వచ్చే వాసన తెలిసింది: గడ్డి, తొక్క, కొంచెం జీడి. 'ఇది మామిడిపండే' అన్నాను. 'ఇదే తక్కువ అమ్ముడుపోతుంది నాన్నా' అన్నాడు మావాడు. మామిడి అనగానే తీపి ఉంటుందని తెప్పించుకొని, లేకపోయేసరికి సగంలో వదిలేసి వెళతారట.

మూడవచోట పనసపండుతో చేసినది ఒకటి చూశాను. ఇక్కడొక చిత్రం ఉంది. గోధుమబీరుకు వాడే ఒక జర్మను జాతి ఈస్టు తన స్వభావం చేతనే అరటిపండు వాసనా, లవంగం వాసనా పుట్టిస్తుంది. అందులో అరటిపండూ ఉండదు, లవంగమూ ఉండదు. పనసతొనలోనూ అరటిపండుకు దగ్గరి వాసన ఉన్నది గదా. రెంటినీ కలిపేసరికి పండు ఎక్కడ ముగిసిందో, కిణ్వం ఎక్కడ మొదలైందో ఎవరికీ తెలియదు. బీజోత్తరమంటే ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. చేసినవారిని అడిగితే పనస చాలా తక్కువే వేశామని ఒప్పుకున్నారు. తక్కినదంతా ఈస్టు చేసిన పని.

మా అబ్బాయి చేసినదానిని వాడి ఎదురుగా మెచ్చుకోకూడదని నిశ్చయించుకొని వెళ్ళాను. వాడు పుల్లటి తోతాపురిని, మన కలెక్టరు మామిడిని, ఎన్నుకున్నాడు. చిత్తూరు వైపు ఫ్యాక్టరీలలో గుజ్జు తీసి డబ్బాలకెక్కించేది ఎక్కువగా ఆ కాయనే. ఏడాది పొడుగునా ఒకే తీరుగా దొరుకుతుందని చాలామంది దానినే కొంటారు. మావాడు దానికి చిటికెడు ఉప్పు, ధనియాలు చేర్చాడు. జర్మనీలో గోజె అనే పాతకాలపు పుల్లబీరు ఉన్నదట, దానికి ఉప్పూ ధనియాలూ వేయడం ఆచారమట. నాకు మాత్రం బడి గేటు దగ్గర చెక్కపెట్టెలో పెట్టుకొని అమ్మే, ఉప్పూ కారమూ చల్లిన మామిడిముక్కే తోచింది. కారం ఒక్కటే లోటు. ఆ మాటే అన్నాను. 'వేశాను, ఒకసారి వేసి చూశాను' అన్నాడు.

కారం సంగతి మా ప్రాంతపువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప, మధ్య గట్ల మీద తాళ్ళు: మా నల్లరేగడి నేలల రూపమంతా ఇదే. మిరపలో మంట పుట్టించే పదార్థం నీటిలో సరిగా కరగదు, మద్యంలో కరుగుతుంది. బీరులో మద్యం నూటికి అయిదు పాళ్ళే గనుక కాస్త మాత్రమే దిగుతుంది. కాని నురగలోని వాయువు ఆ కాస్త మంటనూ గొంతులో రెట్టిస్తుంది. గుంటూరు యార్డులో 334 రకం, తేజ రకం వేరువేరుగా రాసులు పోస్తారు గదా, మావాడు రెండూ వేసి చూశాడు. తేజ వేసినది తాగినవారు నీళ్ళు తాగి లేచిపోయారట. పుణేలో మూన్‌షైన్ మీడరీ అనే సంస్థవారు తేనెను పులియబెట్టి, జామపండూ మిరపకాయా చేర్చి ఒక పానీయం చేశారు. తేనె కనుక అది మాధ్వి. అక్కడే గ్రేట్ స్టేట్ ఏల్‌వర్క్స్ వారు ఉప్పూ కోకమూ వేసి బీరు చేశారు. కోకం కొంకణతీరపు పులుపు. మనకు చింతపండు ఎటువంటిదో వారికి అది అటువంటిది. తన నేల మీద ఏది పులుపో, ఏది కారమో దానిని గ్లాసులోకి తెచ్చేవాడి మీద నాకు గౌరవం కలుగుతుంది. ఏ ఊరివాడైనా కొనగల సెంటుసీసాతో పని కానిచ్చేవాడి మీద కలగదు.

వాడి గదిలో రెండు బెల్జియం సీసాలు ఉన్నాయి, స్నేహితుడెవరో తెచ్చిపెట్టాడు. రెండింటి మీదా క్రీక్ అనే మాట ఉంది. క్రీక్ అంటే పుల్లచెర్రీ. ఒకటి బ్రస్సెల్సులో 1900 నుంచి ఉన్న కాంటియాన్ వారిది, రెండవది లిండెమన్స్ వారిది. కాంటియాన్ వారు ఈస్టును కొని వేయరు. చలి నెలల్లో మరిగించిన రసాన్ని అటకలాంటి గదిలో వెడల్పాటి రాగితొట్టెలో రాత్రంతా తెరిచి పెడతారు. గాలిలోనూ, ఆ పాత కట్టెల్లోనూ ఉన్న జీవులే వచ్చి పడి పులియజేస్తాయి. ఆ గదిలో సాలెగూళ్ళు కూడా దులపరట. తరువాత చెక్కపీపాలలో ఏళ్ళ తరబడి ఉంచి, లీటరుకు సుమారు 200 గ్రాముల పండ్లు గింజలతో సహా వేసి నానబెడతారు. తీపి చేర్చరు. నాలుకకు తగిలితే పచ్చి ఉసిరికాయ కొరికినట్లు దవడలు జివ్వుమన్నాయి, ఆ వెనుక గింజలోని బాదంవాసన వచ్చింది. లిండెమన్స్ వారిదీ అదే ప్రాంతపు పద్ధతిలో పులిసినదే, కాని దానికి చెర్రీరసం కలిపి తీపి చేస్తారు. అది ఎర్రటి పాకంలా హాయిగా దిగిపోయింది. ఒకే లోయలో, ఒకే పండుతో, ఒకే పేరుతో చేసినవి ఇవి రెండూ! బవేరియాలో అయితే 1516లోనే బార్లీ, హాప్స్, నీరు తప్ప బీరులో మరేమీ వేయరాదని శాసనం చేశారు. అక్కడ పండు ప్రసక్తే లేకపోయింది.

సాలెగూళ్ళ మాట వినగానే నాకు మా నాన్న కల్లుకుండలు కళ్ళముందు కదిలాయి. తాటిగెల కోసి, చివర సన్నగా చెక్కి, కుండ కడితే చుక్కచుక్కగా దిగేది తియ్యటి నీరు. కుండలో సున్నం పూస్తే అది నీరాగానే ఉంటుంది. పూయకపోతే చెట్టు మీదనే పులవడం మొదలుపెడుతుంది. దానికి ఈస్టు వేసేవారెవరు? ఎవరూ లేరు. గాలిలోది కొంత, గెల మీది చీమలూ ఈగలూ తెచ్చేది కొంత, అన్నిటికంటే ఎక్కువగా నిన్నటి కుండ అడుగున మిగిలిన మడ్డి. నాన్న కుండను బూడిదతో తోమనిచ్చేవాడు కాదు. 'కుండ సచ్చిపోద్ది' అనేవాడు. ఉదయం తియ్యన, మధ్యాహ్నానికి సమం, సాయంత్రానికి పులుపు. పోతుతాటి కల్లు వేరు, పెంటితాటి కల్లు వేరు, చలికాలపు ఈతకల్లు వేరు. చీరాల వైపు ఇసుకనేల చెట్టుకూ మా రేగడిగట్టు చెట్టుకూ తేడా చెప్పగలిగేవాడు. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు ఆకుదోనెలో కాస్త పోసి 'ఏ చెట్టుదిరా?' అని అడిగేవాడు. సరిగా చెబితే వీపు తట్టేవాడు. ఆ విద్య నాకు ఎందుకూ అక్కరకు రాలేదనుకుంటూ ఉండేవాణ్ణి. బెంగుళూరులో ఆ గ్లాసుల ముందు కూర్చున్నప్పుడు అది నాలుక మీదికి నడిచి వచ్చింది.

నాన్న కుండకూ, పక్క గీతగాడి కుండకూ చెట్లు పక్కపక్కనే ఉన్నా రుచి వేరుగా ఉండేది. మావాడికిది చెబితే, 'మేం హౌస్ ఈస్టు అంటాం నాన్నా. ప్రతి బ్రూవరీకీ తనది తనకు ఉంటుంది. ఒకే మామిడిగుజ్జు ఇద్దరికిచ్చినా ఇద్దరిదీ ఒకేలా రాదు' అన్నాడు. అట్లా ఉండగా ఇంకొక పోలిక కూడా ఉన్నది. వాడు పనిచేసే చోట కాచిన బీరు ఆ ఆవరణ దాటకుండా అక్కడే అమ్ముడుపోతుంది. కల్లు కూడా చెట్టు నీడ దాటితే చెడుతుంది. చెట్టు దగ్గర గ్లాసు ధర పదో ఇరవయ్యో, అక్కడ 400 చిల్లర. ఆ ధర ఇచ్చేవాడు ఏ పండు, ఏ ఊరిది, ఎన్నాళ్ళు ఊరింది అని అడిగి మరీ తాగుతున్నాడు. కల్లు తాగేవాణ్ణి అట్లా అడగనిచ్చిన రోజులు పోయాయి. పట్నాల కల్లు దుకాణాలలో చెట్టు ముఖం చూడని, మత్తుమందు కలిపిన తెల్లనీళ్ళు అమ్ముతున్నారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగి జనం చనిపోయారు. మా గట్ల మీద తాళ్ళు ట్రాక్టరుకు అడ్డమని కొట్టేసినవి పోగా మిగిలినవాటిని ఎక్కడానికి మా ఊళ్ళో ఇప్పుడు ఒక్క మనిషి ఉన్నాడు. ఆయనకు నాకంటే రెండేళ్ళు తక్కువ.

ఊరికి వచ్చాక ఇదంతా మా ఆవిడకు విడమర్చి చెప్పాను. బీరు అన్న మాట వాడకుండా పైష్టి అంటూ నెగ్గుకువచ్చాను. ఆవిడ మా అమ్మగారి తరం తరవాణికుండ ఎరిగినదే. అన్నం గంజీ వేసి పులియబెట్టిన ఆ కుండను ఎంత మడిగా చూసేవారో, ఒక ఇంటి తరవాణి ఇంకొక ఇంటి తరవాణిలా ఉండేది కాదో ఆవిడకూ తెలుసు. 'అదీ ఇదీ ఒక్క సూత్రమే' అన్నాను.

'తరవాణి తాగి ఎవడూ పెళ్ళాన్ని కొట్టలేదండీ' అన్నది.

దీనికి నా దగ్గర సమాధానం లేదు, మావాడి దగ్గరా లేదు. కాసేపాగి ఆవిడే అన్నది: 'పండు పేరు పెట్టి పిల్లకాయల చేత తాగించటం మటుకు సారా కంటే అన్యాయం. అదన్నా సారా అని చెప్పి అమ్మారు.' ఇందిరానగరు గ్లాసు గురించి నేను చెప్పలేకపోయినది ఆవిడ చూడకుండానే చెప్పింది. తీపి లేని మసక బీరును సగంలో వదిలివెళ్ళేవాడికి కనీసం తాను ఏమి తాగుతున్నాడో నాలుక చెబుతున్నది. తీపి కలిపిన గ్లాసు ఆ కబురు చెప్పదు. పానశాలలకు, పానశాలలకు మధ్య నేను చూసిన భేదాలలో నాకు ముఖ్యమని తోచినది ఇదొక్కటే. మావాడిని కూడా ఇదే అడిగాను: నువ్వెప్పుడైనా పాకం పోశావా అని. 'యజమాని పొయ్యమన్నాడు, రెండు నెలలుగా తప్పించుకుంటున్నాను' అన్నాడు. ఇంకెన్నాళ్ళు తప్పించుకుంటాడో, ఆ ఉద్యోగం ఎన్నాళ్ళుంటుందో నేను అడగలేదు.

ఆగస్టులో వాడు ఫోను చేసి తాటిపండ్లు కావాలన్నాడు. వేసవిలో ముంజలు, చలికాలంలో తేగలు అందరికీ ఇష్టమే గాని, వానాకాలంలో రాలే పండును ఇప్పుడు ఏరుకునేవాళ్ళు లేరు. నల్లగా మెరిసే ఆ పండు ఒక్కటి ఇంట్లో ఉంటే వీధి చివరి దాకా వాసన. నిప్పుల మీద కాల్చి, పీచు నుంచి గుజ్జు పిసికి తినేవాళ్ళం. తియ్యగా మొదలై, గొంతు దిగేటప్పుడు చేదు తగులుతుంది. ఆరు పండ్లు గోనెసంచిలో కట్టి ప్రయివేటు బస్సుకు ఒంగోలులో వేశాను. వాడు ఇరవై లీటర్ల చిన్న డబ్బాలో, యజమానికి చెప్పి, తన సొంత ప్రయత్నంగా పెట్టాడు. మూడు వారాలకు మళ్ళీ ఫోను చేశాడు. తీపంతా పోయిందట. నారింజరంగూ, వానకు తడిసిన తాటాకు వాసనా మిగిలాయట. హాప్స్ గింజంత కూడా వేయలేదట, కావలసిన చేదు పండే ఇచ్చిందట. తాగిన పదిమందిలో ఇద్దరు మళ్ళీ అడిగారట.

ఫోను స్పీకరులో ఉన్నది. మా ఆవిడ వంటింట్లో నుంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

'ఏరా, గుజ్జు గుడ్డలో మూటగట్టి రాత్రంతా వేలాడదీశావా? చేదునీరంతా కారిపోద్ది. మా అమ్మ తాటిచాపకు అట్లాగే చేసేది.'

'వద్దమ్మా, ఆ చేదే కావాలి నాకు.'

'చేదు కావాలనేవాడిని నిన్నే చూస్తున్నా. పోయినసారి పండ్లు పచ్చివి పంపించారు మీ నాన్న. ముచ్చిక దానంతటది ఊడినవి ఏరాలి. ఈసారి నేను చూసి పంపిస్తాలే' అని ఫోను నా చేతికిచ్చి లోపలికి వెళ్ళింది.